ఎనుక దర్వాజ

మా ఇంటికి రెండు దర్వాజలు. ముంగటిది చుట్టాలకు, మాకు. ఎనుకది నాయినకు.

నా చిన్నతనమంతా నాయిన డ్యూటీ దిగి, ఇంటి చుట్టు తిరిగి ఎనుక నుంచే వచ్చేటోడు. అక్కడ బట్టలుతికే బండ, దాని పక్కన నీళ్ల తొట్టి. నేను ఎదురు ఉరికితే రెండు చేతులు ఎనుకకు పెట్టుకొని, "ఆగు బిడ్డా, ఇంక తానం చెయ్యలే" అనేటోడు. పటాన్‌చెరు దిక్కు ఒక మందుల కంపెనీలో, పొడి ఎగిరే బ్లాకులో ఆయన పని. ఆ పొడి కంటికి కనబడదు. అయినా పెయ్యి మీద, బట్టల మీద ఉంటదని ఆ బ్లాకులో చేసేటోళ్లందరికీ ఎరుకే. తానం చేసి, బట్టలు మార్చి, అప్పుడు నన్ను ఎత్తుకునేటోడు. విడిచిన యూనిఫాం బండ మీద ఉండేది. మా అమ్మ ఎంకమ్మ దాన్ని విడిగా ఉతికి, దూరంగా ఇంకో దండెం మీద ఆరేసేది.

అమ్మ పోయినంక ఇంట్లోకి వాషింగ్ మిషన్ వచ్చింది. నాయిన కంపెనీ మానేసిండు. ఎనుక దర్వాజకు గొళ్లెం పడింది.

పోయిన ఏడాది ఎండకాలంలో అది మళ్లా తెరుచుకుంది.

ముందుగాల నడుము నొప్పి అన్నడు. తర్వాత కుడికాలు తిమ్మిరి అన్నడు. మూత్రంలో నెత్తురు పడుతున్న సంగతి మాత్రం ఎన్నాళ్లు దాచిండో ఇప్పటికీ చెప్పలేదు. నగరంలోని పెద్ద దవాఖానలో స్కానింగులన్నీ అయినంక డాక్టర్ నాగేశ్వరి మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. కోస్తా దిక్కు మనిషి, నిదానంగా మాట్లాడుతది.

"ఎడమ కిడ్నీలో పుట్టిన గడ్డ అండి. అక్కడ ఆగకుండా వెన్నుపూసలోకి వచ్చింది. రోజూ ఒక మాత్ర ఇస్తాం. అది ఒళ్లంతా తిరిగి, గడ్డలకు నెత్తురందే దారుల్ని మూస్తుంది. కానీ వెన్నులో ఉన్నది నరాన్ని నొక్కుతోంది. మాత్ర పనిచేసేదాకా అది ఆగదు. అక్కడికి గురిచూసి కరెంటు, అంటే రేడియేషన్, పెడదాం. రెండూ కలిపి చేద్దాం."

"తక్కువైతదా అమ్మా?" అని అడిగిండు నాయిన.

"పూర్తిగా పోతుందని చెప్పలేను పెద్దాయనా. కాళ్లు పడిపోకుండా ఆపొచ్చు. కొంతమందికి చాలాకాలం ఆగింది. మీకూ ఆగాలని చూస్తున్నాం. హామీ మాత్రం ఇవ్వలేను."

నాయిన తల ఊపిండు. బయటికి వచ్చి లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు, "ఈమె అబద్ధం ఆడేటట్టు లేదు" అన్నడు. డాక్టర్ల గురించి ఆయన ఒక మంచి మాట అనుడు నేను అదే మొదలు వినుడు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. సంగారెడ్డిలో బీఎస్సీ చేసి, ఇప్పుడు ఇంకో మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తున్న. గోలీలు మొదలైనప్పుడు మా ఆయన జైపాల్‌ను పటేల్‌గూడ కిరాయి ఇంట్లోనే ఉంచి, నేను ఇంద్రేశం వచ్చి నాయిన కాడ ఉన్న. పొద్దున డ్యూటీకి పోయే ముందు డబ్బాలోంచి గోలి అరచేతిలో వేసుకొని ఆయన నోట్లో పెట్టేదాన్ని.

"నాకు చేతులు లేవా ఏంది?" అనేటోడు.

"చేతులున్నయి. యాది ఉండది."

"కంపెనీల ఏ వాల్వు ఎప్పుడు తిప్పాల్నో నాకే యాదుండె."

"గందుకే బయట ఊరంత వాసన వచ్చేది."

నవ్వేటోడు. వారాలు గడిచినకొద్దీ ఆ గోలికి ఆయన రంగు మారింది. మొదట మీసాలు తెల్లబడ్డయి, తర్వాత కనుబొమ్మలు, అటెన్క తల. ముసలితనంతోని వచ్చే తెలుపు కాదది, దూది తెలుపు. మొఖం పసుపు రాసినట్టు అయింది. అరచేతులు ఎర్రబడి తోలు లేచింది. పొద్దున అద్దం ముంగట నిలబడి, "ఎవడ్రా వీడు" అనుకునేటోడు మెల్లగ. నాకు వినబడొద్దని అనుకునేటోడు గానీ వినబడేది.

కరెంటుకు మాత్రం మా వంతు వచ్చేవరకు నెల దాటింది. రోజు విడిచి రోజు, మొత్తం ఐదు సార్లు పెట్టాలన్నరు. మొదటి రోజు మా పక్కింటి మొగులమ్మ కొడుకు కుమార్ ఆటోలో పోయినం. ఆ గది దవాఖాన కింది అంతస్తులో ఉంది. తలుపు బీరువా తలుపు కన్న మందం. దాని మీద పసుపు బోర్డు, నల్ల గుర్తు. నాయిన చక్రాల కుర్చీలో కూర్చొని ఆ బోర్డు కూడబలుక్కొని చదివిండు: "గర్భిణీలు లోపలికి రాకూడదు."

మిషన్ నడిపే అబ్బాయి మధుబాబు వచ్చి నన్ను చూసి అడిగిండు. "మేడమ్, మీరేమైనా ప్రెగ్నెంటా? రూలండి, అడగాలి."

నాకు అప్పటికి మూడో నెల. జైపాల్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదు. నాయిన కరెంటు అయిపోయినంక, మంచి రోజు చూసి, స్వీటు పెట్టి చెప్దామనుకున్న.

"అవును" అన్న.

నాయిన నా దిక్కు చూసిండు. ఆయన మొఖం ఎట్ల వెలుగుతదో అని నేను ఎన్నిసార్లో అనుకున్న. ఆయన నన్ను చూసిండు, బోర్డును చూసిండు, మళ్లా నన్ను చూసిండు. కుర్చీ పిడి మీద ఉన్న నా చెయ్యి కిందికెళ్లి ఆయన చెయ్యి తీసుకున్నడు.

"నువ్వు దూరం పోయి కూసో బిడ్డా" అన్నడు.

మధుబాబు ఆయన్ను లోపలికి తోలుకపోయి, బల్ల మీద పండబెట్టి, తాను బయటికి వచ్చి తలుపు మూసిండు. తలుపు మీద ఎర్ర లైటు వెలిగింది.

ఇంటికి వచ్చినంక కుమార్ ముంగటి దర్వాజ కాడనే ఆటో ఆపిండు. నాయిన గోడ పట్టుకొని, కాలు ఈడ్చుకుంట, ఇంటి చుట్టు తిరిగి ఎనుకకు పోయిండు. నేను లోపలి నుంచి పోయి గొళ్లెం తీసిన. తొట్టి కాడ నిలబడి అంగీ విప్పుతుండు.

"అయ్యో, గిట్ల ఎందుకొచ్చినవు నాయినా?"

రెండు చేతులు ఎనుకకు పోయినయి.

"ఆగు బిడ్డా, ఇంక తానం చెయ్యలే."

మర్నాడు పొద్దుగాల చప్పుడుకు తెలివొచ్చింది. బండ మీద బట్టలు కొడుతున్న చప్పుడు. రెండు దెబ్బలు, ఒక ఆపు. మళ్లా రెండు దెబ్బలు. అమ్మ గట్లనే ఉతికేది. ఆపిన కాడ కొంగుతోని మొఖం తుడుచుకునేది. నేను కండ్లు తెరవకుండ అట్లనే పండుకొని విన్న. కొద్దిసేపు నాకు అమ్మ పోలేదు. అటెన్క దగ్గు వినబడింది, నాయిన దగ్గు.

పోయి చూస్తే, కూసొని నిన్నటి అంగీ, లుంగీ ఉతుకుతుండు. తోలు లేచిన చేతులతోని. దూరంగా, అమ్మ దండెం కట్టిన మొలలకే కొత్త తాడు కట్టి ఉంది.

ఆ రోజు సంది ఆయన మకాం ఎనుక రేకుల కింద. నులక మంచం అక్కడేసుకున్నడు. పళ్లెం, చెంబు విడిగా పెట్టుకున్నడు. నేను అన్నం తీసుకపోతే, "గడప మీద పెట్టి పో" అనేటోడు. గోలి గూడ మూతలో వేసి గడప మీద పెట్టుమన్నడు. కింద పడేస్తడని భయపడి దగ్గరికే పోయి నోట్లో పెడితే, మొఖం పక్కకు తిప్పి శ్వాస బిగపట్టి మింగేటోడు.

మొగులమ్మ గోడ మీది నుంచి చూసి ఊకోలేదు. "ఏందే రవళీ, మీ నాయిన గిట్ల ఒక్కడే కూసున్నడు? అమ్మవారు పోసిందా ఏంది?"

నాయినే జవాబు చెప్పిండు. "నీ కొడుకు ఆటో ఒక్క తాన నిలబడదు, నేను నిలబడ్డ. మెచ్చుకో మొగులమ్మా."

"నెత్తి తెల్లగైంది గని నోరు తెల్లగ కాలే" అని నవ్వుకుంట పోయింది.

రెండోసారి కరెంటుకు వచ్చిండు. ఆటోలో నన్ను కుమార్ పక్కన ముంగట కూర్చోమన్నడు. ఆడిపిల్ల డ్రైవర్ పక్కన ఎట్ల కూర్చుంటదని కుమార్ అంటే, "అయితె ఇంట్ల ఉండుమను" అన్నడు. నేను ఎనుకనే కూసున్న. దారంతా ఆయన ఆటో కమ్మీకి అతుక్కొని, నాకు బెత్తెడు గూడ తాకకుండ వచ్చిండు. ముత్తంగి కాడ గుంతలో ఆటో ఎగిరితే ఆయన భుజం నా భుజానికి తగిలింది. ఉలిక్కిపడి జరిగిండు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

మూడోసారికి ఆటో వచ్చి నిలబడింది. బయట రోణి కార్తె ఎండ. కుమార్ హారన్ కొట్టి, "పెదనాయినా, దా. సీటు మీద తడి తువ్వాల పరిచిన, పెండ్లికొడుకు లెక్క కూసో" అని పిలిచిండు.

నాయిన మంచం మీదికెళ్లి లేవలేదు.

"ఇయ్యాల రాను. తిమ్మిరి తగ్గింది."

"రెండు సార్లే అయింది నాయినా. సగంల ఆపితే లాభం లేదని డాక్టరమ్మ చెప్పలేదా?"

"ఆ మిగిలింది నువ్వు కన్నంక పెట్టించుకుంట."

"అప్పటిదాంక నీ కాళ్లు ఆగయి."

"పోతె పోతయి. కూసొని బతుకుత."

నాకు వచ్చినంతల చెప్పిన. అది బయటి నుంచి పడేదే గాని మనిషిలో నిలబడేది కాదని, మిషన్ బందైతే బందేనని చెప్పిన. "లైటు ఆర్పినంక గోడకు వెలుగు అంటుకొని ఉంటదా నాయినా?"

"మరి ఆ పిలగాడు నన్ను పండబెట్టి ఎందుకు బయటికి ఉరుకుతుండు?"

"ఆయన దినాం ఎందరికో పెడుతడు. దినాం ఆ గదిల నిలబడితే ఆయనకు మంచిది కాదు."

"బోర్డు మీద నీ అసుంటోళ్లే రావద్దని రాసిండ్రు."

"గది లోపలికి రావద్దని. నీ దగ్గరికి రావద్దని కాదు."

నాయిన తోలు లేచిన వేలు చూసుకున్నడు.

"నువ్వు చదువుకున్నవు, నిజమే చెప్తున్నవేమో. మా కంపెనీల సేఫ్టీ సారు గూడ చదువుకున్నోడే. ఏం కాదన్నడు. తానం చేస్తె పోతదన్నడు. బట్టలు మంచి నీళ్లల్ల జాడిస్తె పోతదన్నడు."

ఊరవతల ప్లాట్ల మీదికెళ్లి వేడి గాలి వచ్చి, దండెం మీది అంగీని కదిలించింది.

"మీ అమ్మ నీళ్లల్లనే జాడించింది" అన్నడు.

బయట కుమార్ మళ్లా హారన్ కొట్టిండు. పోయి, ఇయ్యాల వద్దులే అని చెప్పి పంపిన.

అమ్మకు రొమ్ములో గడ్డ లేచి పోయింది. దవాఖానలో ఇంట్లో ఎవరికన్న ఉండెనా అని అడిగిండ్రు. ఎవరి బట్టలు ఉతికినవని ఎవరూ అడగలేదు. మేము గూడ చెప్పలేదు, చెప్పే సంగతి అనుకోలేదు. ఆ గడ్డ ఆ పొడితోని వచ్చిందో లేదో నాకు తెల్వది. ల్యాబులో పని చేస్తున్న గనుకనే తెల్వదని అంటున్న. కాని నాయినకు తెలుసు. లేక, తెలుసని ఇన్నేండ్లు నమ్ముకొని, ఒక్కనాడు గూడ అనకుండ మాతోని అన్నం తిన్నడు.

మధ్యాహ్నం డాక్టర్ నాగేశ్వరికి ఫోన్ చేసిన. ఎందుకు రాలేదో ఉన్నదున్నట్టు చెప్పి, "మేడమ్, ఆయన నుంచి నాకు వచ్చేది నిజంగ ఏమన్న ఉందా?" అని అడిగిన.

"కరెంటుతో ఏమీ లేదు. ఇది లోపల మందు పెట్టే పద్ధతి కాదు, బయటి నుంచి పెట్టేది. ఆయన పక్కన కూర్చోవచ్చు, తాకొచ్చు, రేపు మీ బిడ్డను ఒళ్లో పెట్టొచ్చు." ఆమె ఆగింది. "మాత్ర ఎవరు ఇస్తున్నారు?"

"నేనే మేడమ్."

"చేత్తోనా?"

"అరచేతిల వేసుకొని."

"అలా చేయకండమ్మా. కడుపుతో ఉన్నవాళ్లు ఆ మాత్రను ఒట్టి చేత్తో పట్టుకోకూడదు. విప్పడం, విరవడం అసలే వద్దు. ఆయన వాంతి చేసుకుంటే గ్లవ్స్ లేకుండా శుభ్రం చేయొద్దు. పైన పొర గట్టిగానే ఉంటుంది, ఇప్పటిదాకా చేసినదానికి కంగారుపడకండి. కానీ ఇకమీద ముట్టుకోవద్దు. మీ సంగతి నాకు తెలిసుంటే ముందే చెప్పేదాన్ని."

ఫోన్ పెట్టేసి నా అరచేయి చూసుకున్న. చూడనీకి ఏం లేదు. కడుక్కున్న. మళ్లా కడుక్కున్న.

జైపాల్‌కు ఫోన్ చేస్తే, తన డ్యూటీ కాడ భారీ మిషన్ల చప్పుడు నడుమ పెద్దగ మాట్లాడిండు. "గోలి సంగతి ఆయనకు ఇప్పుడే చెప్పకు రవళీ. కరెంటు ఏం కాదని డాక్టరమ్మ అన్నది, అంతే చెప్పు. గోలి గూడ మంచిది కాదంటే అది గూడ బంద్ పెడతడు. రెండూ పోతయి."

ఆ మాట తప్పు కాదు. చానసేపు దర్వాజ కాడ నిలబడి ఆలోచించిన. గోలి ఆపితే ఆ గడ్డలు ఒళ్లంతా లేస్తయి. కరెంటు ఆపితే కాళ్లు పోతయి. చెప్పకుండ ఉండుడు అల్కటి పని. ఒక మూత, ఒక చెంచా చాలు, ఆయనకు ఎన్నటికీ తెల్వకపోవు.

సేఫ్టీ సారు గూడ గట్లనే అనుకొని ఉంటడు.

పొద్దు వంగినంక పోయి ఎనుక గడప మీద కూసున్న. నాయిన బండ మీద కూసొని కాలు ఒత్తుకుంటుండు.

"డాక్టరమ్మతోని మాట్లాడిన నాయినా. కరెంటు నీల ఉండది, నాకు రాదు. అది నిజం. గోలి మాత్రం నేను ఒట్టి చేత్తోని ముట్టద్దట. కడుపుల ఉన్నదానికి మంచిది కాదట. ఇన్ని దినాలు నాకు తెల్వక ముట్టిన."

ఆయన కాలు ఒత్తుడు ఆగింది.

"ఏమన్న అయిందా?"

"ఏం కాలేదనే అన్నది. ఇగ ముందర ముట్టద్దు అన్నది."

"మరి నేను అది మింగుడు..."

"మింగాలె. నువ్వే తీసుకొని నువ్వే మింగాలె. నేను దూరం నిలబడి చూస్త. నువ్వు కక్కితే నేను గ్లౌజులు ఏసుకొని కడుగుత. అంతే."

నాయిన నన్ను చూసిండు. దూది అసుంటి కనుబొమ్మల కింద ఆ కండ్లు ఒక్కటే మా నాయినవి.

"గోలి సంగతి నువ్వు చెప్పకుంటే నాకు తెల్వకపోవు" అన్నడు.

"తెల్వకపోవు."

తొట్టిలో చెంబు ముంచి, నీళ్లు కాళ్ల మీద పోసుకున్నడు. గోడ అవతల మొగులమ్మ కోళ్లను పిలుస్తుంది.

"కుమార్‌కు ఫోన్ చెయ్యి" అన్నడు. "రేపు ఎండ కాకముందే రమ్మను."

మధ్యలో తప్పిపోయినదాన్ని గూడ కలిపి డాక్టరమ్మ మళ్లా రోజులు చెప్పింది. నాయిన అన్నిటికీ వచ్చిండు. పొద్దున డబ్బా మూత తానే తీసి, గోలి తీసుకొని, నా దిక్కు చూపెట్టి, "చూసినవా? ఏసుకుంటున్న" అనేటోడు, చిన్నపిల్లలకు మిఠాయి చూపెట్టినట్టు. కాని కరెంటు నుంచి వచ్చిన ప్రతిసారీ ఎనుక నుంచే వచ్చిండు. తానం చేసినంకనే లోపలికి అడుగు పెట్టిండు. నేను వద్దనలేదు.

ఆఖరి రోజు మిరుగం వాన పడ్డది. ముత్తంగి దాటేవరకే చినుకులు మొదలైనయి, ఊర్లోకి వచ్చేవరకు దంచింది. తొలి వానకు నేల వాసనతోని కంపెనీల వాసన గూడ లేచింది. కుమార్ ఆటో ముంగటి దర్వాజకు ఆనిచ్చి ఆపిండు. నాయిన దిగిండు. గోడ పట్టుకోకుండ దిగిండు. ఇంటి పక్క సందు దిక్కు ఒక అడుగు ఏసి నిలబడ్డడు. వాన ఆయన తెల్ల నెత్తి మీద పడుతుంది.

"ఎనుక అంత బురద ఉంటది" అన్నడు.

తిరిగి, ముంగటి దర్వాజలో నుంచి లోపలికి వచ్చిండు. తడి బట్టలతోని నా పక్క నుంచి పోయి, నడిమింట్లో కుర్చీలో కూసున్నడు. బురద ఆయనకు ఎన్నడు అడ్డమైంది? వానకాలాలన్నీ ఆ బురదల నుంచే వచ్చిండు. నేను తువ్వాల తెచ్చి తల తుడిచిన. ఊకున్నడు. తల నా కడుపుకు దగ్గరగ ఉంది. ఎనుక వానలో దండెం మీద ఆయన అంగీ ఒక్కటే తడుస్తుంది.

స్కానింగులో వెన్నులోది ఆగిందన్నరు. పోయిందని అనలేదు. గోలీలు నడుస్తనే ఉన్నయి. నాయిన కర్ర పట్టుకొని మసీదు సందు దాకా పోయి వస్తడు. మేము కిరాయి ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికే వచ్చినం. బిడ్డ పుట్టింది. మొదటి రోజు ఒళ్లో పెడితే, నాయిన చేతులు చీరె బొంత కింద పెట్టి, బొంతతోనే పట్టుకున్నడు. ఒట్టి చేతులతోని పట్టుకునేటందుకు ఇంకొన్ని దినాలు పట్టింది.

ఈ ఏడాది కాన్పు సెలవులు అయిపోయి మళ్లా డ్యూటీకి పోయిన. ల్యాబులో మనుషులు తక్కువున్నరని శాంపిళ్ల కోసం నన్ను బ్లాకులోకి పంపుతున్నరు. మాస్కు ఇచ్చిండ్రు, గ్లౌజులు ఇచ్చిండ్రు. కొత్త సేఫ్టీ సారు మంచోడు. తల మీదికెళ్లి కాళ్ల దాకా గాలి కొట్టే గది చూపెట్టి, ఇందులో నుంచి పోతే ఏం ఉండదు మేడమ్ అన్నడు.

మొదటి రోజు సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చిన. ముంగటి దర్వాజ తెరిచే ఉంది. బిడ్డ గడప లోపల ఆడుకుంటుంది. నన్ను చూసి, కేరింతలు కొట్టుకుంట దోగాడుకుంట వచ్చింది. నా రెండు చేతులు ఎనుకకు పోయినయి.

"ఆగు బిడ్డా" అన్న. "ఇంక తానం చెయ్యలే."

కుర్చీలో కూసున్న నాయిన వంగి, దాని గౌను అంచు పట్టుకొని ఆపిండు. నా దిక్కు చూడలేదు.

నేను ఇంటి చుట్టు తిరిగి ఎనుకకు పోయిన. గొళ్లెం తీసి ఉంది. దండెం మీద తువ్వాల ఉంది. బండ పక్కన బకెట్టు, అప్పటికే నీళ్లు పట్టి పెట్టి ఉంది. నాయినను బరువు ఎత్తొద్దని డాక్టరమ్మ చెప్పింది, అందుకని సగమే నింపిండు.